ఎదురుగా సముద్రం, వేట వెరావల్‌లో

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పొడవునా మత్స్యకారుల ఊళ్లే. గుమ్మంలో నిలబడితే కెరటాల హోరు వినిపిస్తుంది. అలాంటి ఊళ్ల నుంచి ఏటా ఆగస్టు వచ్చేసరికి వయసులో ఉన్న మగవాళ్లు బ్యాగులు సర్దుకుని రైలెక్కుతారు. విజయనగరం, రాయగడ, రాయ్‌పూర్ మీదుగా గుజరాత్ చేరి, అక్కడి నుంచి సౌరాష్ట్ర తీరంలో ఉన్న వెరావల్‌కు వెళ్తారు. కొందరు పోర్‌బందర్, మంగ్రోల్ దాకా పోతారు. వెళ్లేది కూడా చేపలు పట్టడానికే. ఇంటి ముందున్న సముద్రాన్ని వదిలి, సుమారు రెండు వేల కిలోమీటర్ల అవతల ఇంకొకరి బోటు మీద, ఇంకో సముద్రంలో వేట చేయడానికి. మళ్లీ ఊరు చూసేది మే నెలాఖరులోనో, జూన్‌లోనో.

ఈ వలస సంగతి బయటివాళ్లకు గట్టిగా తెలిసింది రెండుసార్లు. 2018 నవంబరు చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన బోట్లను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకుంది. వాటిలో ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవై మందికి పైగా ఉన్నారు. వాళ్లలో 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇండియాలో అడుగు పెట్టింది 2020 జనవరి 6న. ఆ తర్వాత రెండు నెలలకే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్ హార్బరులో వేల మంది తెలుగు మత్స్యకారులు బోట్ల మీదే ఇరుక్కుపోయి, తమను ఊరికి తీసుకెళ్లమని ఫోన్లలో వీడియోలు పంపారు. చివరికి ఏప్రిల్ నెలాఖరులో బస్సులు కదిలాయి.

జైలు, లాక్‌డౌన్ రెండూ పెద్ద వార్తలే. కానీ ఏ వార్తా లేకుండా గడిచిపోయే సీజన్లే ఎక్కువ. ఆ పది నెలలూ ఇంటికి దూరంగా ఉండే మనిషికి బెంగ ఎలా ఉంటుందో, అది ఎందుకు అంత బరువెక్కుతుందో ఆలోచిస్తే, దూరం ఒక్కటే కారణం కాదని అర్థమవుతుంది. అడ్వాన్సు ఎవరి చేత్తో ఇచ్చారు, ఫోను ఎన్నాళ్లకు పలుకుతుంది, ఒడ్డుకు వచ్చాక ఎక్కడ పడుకుంటారు, ఆపద వస్తే ఏ ఆఫీసు పట్టించుకుంటుంది అన్నవే దాని బరువును తేలుస్తాయి. దూరాన్ని తగ్గించలేం. మిగతావన్నీ మనుషులు పెట్టుకున్న పద్ధతులు, మార్చుకోగలిగినవి.

ఇక్కడి సముద్రం ఎందుకు చాలడం లేదు

ఉత్తరాంధ్ర తీరం చాలావరకు తెరిచిన ఇసుక తీరం. కెరటాల తాకిడి ఎక్కువ. మోటారు బిగించిన ఫైబరు తెప్పల్ని పొద్దున్నే నీళ్లలోకి తోసి, వేట అయ్యాక పదిమంది చేయి వేసి మళ్లీ ఇసుక మీదకు లాక్కోవచ్చు. రోజుల తరబడి లోతు నీళ్లలో వేట చేసే పెద్ద మరబోటును అలా లాగలేరు. దానికి నిలకడ నీళ్లుండే హార్బరు కావాలి. ఈ వైపు చెప్పుకోదగ్గ హార్బరు ఉన్నది విశాఖపట్నంలోనే. వంశధార, నాగావళి సముద్రంలో కలిసే మొగల్లో ఇసుక మేటలు వేస్తుంది, దారి మారిపోతుంటుంది. అందుకే శ్రీకాకుళం తీరంలో తెప్పలు వందల్లో కనిపించినా, పెద్ద బోటు పెట్టుకుని ఊళ్లోనే ఉండి బతికేవాళ్లు దాదాపు లేరు.

దీనికి తోడు సముద్రం అడుగు తీరు కూడా వేరు. గుజరాత్ ముందు సముద్రంలో లోతు తక్కువగా ఉండే ఖండతీరపు అంచు దేశంలోనే అన్నిటికంటే వెడల్పైనది. అడుగున వల ఈడ్చే ట్రాలర్లకు అంత విశాలమైన వేటస్థలం ఇంకెక్కడా లేదు. ఉత్తరాంధ్ర ముందు ఆ అంచు సన్నం, కొద్ది దూరం పోగానే సముద్రం లోతుకు జారిపోతుంది. వెరావల్లో ఐసు ఫ్యాక్టరీలు, చేపల్ని శుద్ధి చేసి విదేశాలకు పంపే ప్లాంట్లు, కొనేవాళ్లు, బోట్లు కట్టే యార్డులు అన్నీ హార్బరు చుట్టూనే పెరిగాయి. ఇటు పక్క పైడిభీమవరం పరిశ్రమల వ్యర్థాలు సముద్రంలో కలవడం వల్ల దగ్గరి నీళ్లలో చేప తగ్గిపోయిందని రణస్థలం, ఎచ్చెర్ల తీరం మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు.

ఈ లెక్కంతా చూస్తే ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. హార్బరు కట్టేస్తే వలస ఆగిపోతుందని నాయకులు చెప్పే మాటలో సగమే నిజం ఉంది. హార్బరు కావాల్సిందే. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో హార్బరు, వజ్రపుకొత్తూరు మండలం మంచినీళ్లపేటలో జెట్టీ అని ప్రభుత్వాలు మారినా మాట వినిపిస్తూనే ఉంది. అవి పూర్తయితే కొన్ని వందల కుటుంబాలకు ఊళ్లోనే బతుకు దొరకొచ్చు. కానీ బోటు కొనే పెట్టుబడి ఎవరిది, దాన్ని నింపేంత చేప దగ్గరి నీళ్లలో ఉందా అన్న ప్రశ్నలు హార్బరు కట్టాక కూడా మిగిలే ఉంటాయి. కాబట్టి వెరావల్ వెళ్లేవాళ్లు ఇంకా చాలాకాలం వెళ్తూనే ఉంటారు. వాళ్లను వెనక్కి రప్పిస్తామని ఎంతైనా మాట్లాడుతున్నారు గానీ, వెళ్లినవాళ్లు అక్కడ ఎలా ఉంటున్నారన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు.

అడ్వాన్సు, తండేలు, చుట్టరికం

బోటు గుజరాతీ యజమానిది. బోటును నడిపించే పెద్ద తండేలు. అతని కింద పనిచేసేవాళ్లు కళాసీలు. ఒక్కో బోటులో ఏడెనిమిది మంది ఉంటారు. యజమాని ముందుగా మాట్లాడుకునేది తండేలుతోనే. జూన్, జూలైల్లో తండేలు ఊళ్లో ఉన్నప్పుడే జట్టు కుదురుతుంది. అతను తనకు తెలిసినవాళ్లనే పిలుస్తాడు. బావమరిది, మేనల్లుడు, తమ్ముడి కొడుకు, పక్కింటి కుర్రాడు. యజమాని ఇచ్చిన అడ్వాన్సు తండేలు చేతి మీదుగానే వాళ్లకు అందుతుంది. నెల జీతం లెక్క ఉంటుంది. తండేలుకు ఎక్కువ, అనుభవం ఉన్న కళాసీకి కొంచెం తక్కువ, కొత్తగా వచ్చి వంటపని చూసే కుర్రాడికి అందరికంటే తక్కువ.

అడ్వాన్సు చేతికి వచ్చిన వారంలోనే దానికి దారులు తెరుచుకుంటాయి. పాత అప్పు, పిల్లల కాలేజీ ఫీజు, ఇంటి శ్లాబు, చెల్లెలి పెళ్లిలో పెట్టిన బంగారం విడిపించడం. అంటే రైలెక్కే రోజుకే అతను సీజన్‌లో కొంత భాగాన్ని ఖర్చు పెట్టేసి ఉంటాడు. మధ్యలో మనసు ఊరి మీదకు లాగినా, ఒంట్లో బాగోకపోయినా తిరిగి రావాలంటే ఆ డబ్బు కట్టాలి. కట్టకుండా వచ్చేస్తే యజమాని అడిగేది తండేలునే. ఆ తండేలు ఇతని మేనమామే అయి ఉంటాడు. మామ పరువు పోతుంది, వచ్చే ఏడు మామకు బోటు దొరకదు, ఊళ్లో రెండిళ్ల మధ్య మాటలుండవు. కాగితం మీద సంతకం లేకపోయినా, కోర్టు భయం లేకపోయినా మనిషి పది నెలలు కదలకుండా ఉండేది ఇందుకే. ఇక్కడ ఒప్పందానికి హామీగా ఉన్నది చుట్టరికం.

ఈ పద్ధతిని పూర్తిగా చెడ్డదనడానికీ వీల్లేదు. కొత్త చోట భాష రానివాడికి పక్కన బావో, మామో ఉండటం పెద్ద ధైర్యం. బోటులో మాట తెలుగే, యాస ఊరిదే. అన్నం వార్చి, పట్టిన చేపలో కొంచెం తీసి చింతపండు పులుసు పెట్టుకుంటారు. జ్వరం వస్తే నుదుటి మీద చేయి వేసి చూసేవాడు ఉంటాడు. పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడిని తల్లి ఈ భరోసా మీదే పంపుతుంది. కానీ అదే చుట్టరికం అతని నోరు కట్టేస్తుంది. ఉండలేకపోతున్నానని, వెళ్లిపోతానని అతను ఎవరితో చెప్పుకోవాలి? పై అధికారి పరాయివాడైతే కోప్పడైనా వచ్చేస్తాడు. మేనమామ మీద అలా లేవలేడు. సొంతవాళ్ల మధ్య ఉన్నాడు కదా, వాడికేం బెంగ అనుకునేవాళ్లు ఈ ఇరుకును చూడటం లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక బోటులో ఉన్నవాళ్లంతా ఒకే ఊరివాళ్లు, ఒకే ఇంటిపేరువాళ్లు కావడంతో, ఆ బోటుకు ఏమైనా అయితే దెబ్బ ఒకే వీధి మీద పడుతుంది. 2018లో పాకిస్తాన్ పట్టుకున్నవాళ్లలో ఎచ్చెర్ల మండలం తీర గ్రామాలవాళ్లు ఎక్కువమంది ఉండటానికి కారణం ఇదే.

సిగ్నల్ అందని రోజులు

వెరావల్ ట్రాలరు ఒకసారి బయల్దేరితే రెండు మూడు వారాల తర్వాతే ఒడ్డుకు వస్తుంది. డీజిలు, ఐసు, బియ్యం, మంచినీళ్లు దానికి సరిపడా నింపుకుని వెళ్తారు. వల దించి మూడు నాలుగు గంటలు ఈడుస్తారు, లాగుతారు, చేపల్ని రకాలవారీగా ఏరి ఐసులో వేస్తారు. అంతలో మళ్లీ వల దించే వేళ అవుతుంది. రాత్రీ పగలూ ఇదే వరుస. నిద్ర అంటే రెండు వలల మధ్య దొరికే కునుకు. ఆ పనిలో ఉన్నంతసేపూ ఇల్లు గుర్తు రావడానికి తీరిక ఉండదు. అలసట తీరీ తీరక పడుకున్నప్పుడే ఇల్లు గుర్తొస్తుంది.

తీరానికి కొంత దూరం పోగానే మొబైల్ సిగ్నల్ పోతుంది. బోటులో వైర్‌లెస్ సెట్ ఉంటుంది కానీ అది బోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి, ఒడ్డుకు అవసరమైన కబురు చేరవేయడానికి. ఇంటికి ఫోను చేసి కొడుకుతో మాట్లాడే సాధనం కాదు. వేట ముగించుకుని తిరిగొస్తున్నప్పుడు ఒడ్డు కంటికి ఆనకముందే ఫోనుకు సిగ్నల్ అందుతుంది. ఒక్కసారిగా అందరి ఫోన్లూ మోగడం మొదలవుతుంది. ఇరవై రోజుల మెసేజీలు వరసగా వచ్చి పడతాయి. మొదటి వారం పాపకు జ్వరం. రెండో వారం ఆసుపత్రి ఫొటో. మూడో వారం పాప నవ్వుతూ బడికి పోతున్న వీడియో. టెన్షన్ పడాల్సిన రోజుల్లో అతనికి సంగతే తెలియదు. తెలిసేసరికి చేయడానికి ఏమీ మిగలదు. భార్య ఆ ఇరవై రోజులూ ఒంటరిగా మోసిన భయాన్ని ఫోనులో రెండు మాటల్లో తేల్చేస్తుంది. ఆమెకు కూడా అప్పటికి అది పాత సంగతే.

చావు కబురు ఇంతకంటే కష్టం. తండ్రి పోయాడన్న వార్త వైర్‌లెస్‌లో వచ్చినా, బోటు వెంటనే వెనక్కి తిరగదు. డీజిలు, ఐసు మీద పెట్టిన డబ్బు యజమానిది, వేట అందరిదీ. ఒడ్డుకు పోయే బోటు ఏదైనా దగ్గర్లో దొరికితే అందులోకి మారాలి. అక్కడి నుంచి రైలు దొరికి ఊరు చేరడానికి మరో రెండు మూడు రోజులు. దహనానికి అందడం అసాధ్యం. పెద్దకర్మకు అందితే అదృష్టం. తలకొరివి పెట్టాల్సిన కొడుకు సముద్రంలో ఉండటంతో తమ్ముడో, అల్లుడో ఆ పని చేసిన ఇళ్లు ఈ తీరంలో ఉన్నాయి. ఆ లోటు ఆ కొడుకును ఏళ్ల తరబడి వదలదు. వేట సీజన్ ఎంత లాభంగా ముగిసినా ఆ ఒక్కటీ పూడదు.

ఒడ్డున ఉండే మూడు నాలుగు రోజుల్లో కూడా అతనికి గది ఉండదు. చేప దించడం, ఐసు ఎక్కించడం, వలలు బాగుచేసుకోవడం, రాత్రికి మళ్లీ అదే బోటు మీద పడక. సోమనాథ్ గుడి అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరమే. తీరిక దొరికితే వెళ్లి దణ్ణం పెట్టుకుని, కొడుక్కి వీడియో కాల్‌లో గుడి గోపురం చూపిస్తారు. లాక్‌డౌన్‌లో బయటపడింది ఈ ఇల్లు లేనితనమే. దేశమంతా ఇంట్లో ఉండమన్నప్పుడు వీళ్లకు ఉండటానికి ఇల్లే లేదు. హార్బరులో పక్కపక్కన కట్టేసిన బోట్లలో, మరుగుదొడ్డికీ మంచినీళ్లకీ ఇబ్బంది పడుతూ, మనిషికీ మనిషికీ మధ్య మూరెడు జాగా లేకుండా వారాలు గడిపారు. ఆ పరిస్థితిని కరోనా పుట్టించలేదు, అంతకుముందు నుంచీ ఉన్నదే. వేట ఆగడంతో అందరి కంటా పడింది.

ఆమె గంపలోకి రాని చేప

ఈ వలసలో ఎవరూ మాట్లాడని నష్టం ఒకటుంది. మత్స్యకార కుటుంబంలో వేట మగవాడిదైతే అమ్మకం ఆడమనిషిది. తెప్ప ఒడ్డుకు రాగానే చేప ఆమె చేతికి వస్తుంది. ఏ రకం ఎంతకు పోతుంది, ఏది పచ్చిగా అమ్మాలి, ఏది ఎండబెట్టాలి అన్న లెక్క ఆమెదే. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, డబ్బు కొంగున ముడి వేసుకుని వచ్చేది ఆమే. ఇంటి ఆదాయం ఆమె చేతుల మీదుగా నడిచేది.

మొగుడు వెరావల్ వెళ్తే ఆ గొలుసు తెగిపోతుంది. అతను పట్టిన చేప గుజరాతీ యజమాని లెక్కలోకి, అక్కడి నుంచి ప్లాంటుకి, అక్కడి నుంచి ఓడకి పోతుంది. ఆమెకు వచ్చేది బ్యాంకు ఖాతాలో పడే డబ్బు మాత్రమే. వ్యాపారం మానలేనిది వేరేవాళ్ల తెప్ప దగ్గర వేలంపాటలో నిలబడి చేప కొనుక్కోవాలి. దానికి చేతిలో రొక్కం ఉండాలి, లేకపోతే వడ్డీకి తేవాలి. నిన్నటిదాకా భాగస్వామిగా ఉన్న మనిషి ఈరోజు డబ్బు కోసం ఎదురుచూసే మనిషి అయింది. అతని బెంగ గురించి నలుగురూ మాట్లాడతారు. ఆమె పోగొట్టుకున్నది బెంగ కిందకు రాదు కాబట్టి దానికి పేరు కూడా లేదు.

మరోవైపు ఆ పది నెలలూ ఇల్లు నడిపేది ఆమే. పిల్లల చదువు, అత్తమామల మందులు, అప్పులవాళ్లతో మాటలు, డ్వాక్రా మీటింగులు అన్నీ ఆమె తేల్చుకుంటుంది. జూన్‌లో అతను వచ్చేసరికి ఇంటికి ఒక పద్ధతి ఏర్పడి ఉంటుంది. వచ్చిన కొత్తలో అందులో తన చోటు ఎక్కడో అతనికి తెలియదు. పిల్లలు ఏదైనా కావాలంటే అమ్మనే అడుగుతారు. సర్దుకునేలోపు జూలై వచ్చేస్తుంది, తండేలు కబురు పంపుతాడు.

పండగల సంగతి కూడా ఇంతే. వినాయక చవితి, దసరా, విజయనగరం పైడితల్లి సిరిమాను, దీపావళి, సంక్రాంతి అన్నీ వేట సీజన్‌లోనే వస్తాయి. అందుకే ఈ ఊళ్లలో పెళ్లిళ్లు, అమ్మవారి సంబరాలు వీలైనంతవరకు మగవాళ్లు వచ్చే వేసవికి పెట్టుకుంటారు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే అతను ఊరు చేరే నాటికి ఇక్కడి సముద్రం ఇంకా మూసే ఉంటుంది. ఆ పక్షం రోజులే ఏడాది మొత్తంలో అతనికి ఏ సముద్రమూ పిలవని రోజులు. ఊరు ఊరంతా వేడుకలన్నీ వాటి చుట్టూ ఇరికించుకుంటుంది.

ఆ తీరంలో తుపాను, ఈ తీరంలో తుపాను

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు నేలకూలాయి, తీరం ఊళ్లలో తెప్పలు, వలలు పోయాయి. అది సరిగ్గా వేట సీజన్. చాలా ఇళ్లలో కప్పు ఎగిరిపోతున్నప్పుడు పట్టుకోవడానికి మగదిక్కు ఊళ్లో లేదు. 2021 మేలో తౌక్తే తుపాను డయ్యూ, ఉనా దగ్గర, అంటే వెరావల్ ఉన్న సౌరాష్ట్ర తీరంలోనే దాటింది. ఈసారి భయం ఇటు నుంచి అటు మళ్లింది. శ్రీకాకుళంలో టీవీల ముందు ఆడవాళ్లు గుజరాత్ మ్యాపు చూస్తూ కూర్చున్నారు. రెండు తీరాల వాతావరణ హెచ్చరికలూ ఒకే ఇంటికి సంబంధించినవి అయ్యే స్థితి దేశంలో మరెవరికైనా ఉందా అంటే చెప్పడం కష్టం.

వీటికి తోడు కంటికి కనిపించని సరిహద్దు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య ఉన్న సముద్రపు పాయ సర్ క్రీక్ దగ్గర భారత్, పాకిస్తాన్ మధ్య హద్దు వివాదం తేలలేదు. సముద్రంలో గీత ఉండదు. చేప కోసం పోతూ, ఇంజను చెడి గాలికి కొట్టుకుపోతూ అవతలికి వెళ్లిన బోటును అక్కడి దళాలు పట్టుకుంటే మనుషులు కరాచీ జైలుకు చేరతారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ దగ్గరున్న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విడుదల కావాలంటే జాతీయత తేలాలి, శిక్ష ముగియాలి, రెండు ప్రభుత్వాల మధ్య వాతావరణం బాగుండాలి. 2018లో పట్టుబడినవాళ్ల కోసం భార్యలూ తల్లులూ అర్జీలు పట్టుకుని ఏడాదికి పైగా తిరిగారు. అంతదాకా సముద్రం తప్ప ఇంకేమీ తెలియని ఆడవాళ్లు విదేశాంగ శాఖ, కాన్సులర్ వంటి మాటలు నేర్చుకున్నారు.

ఏ లెక్కలోనూ లేని మనుషులు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తోంది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు బుడగట్లపాలెంలోనే ఆ మొత్తాన్ని 20 వేల రూపాయలకు పెంచి పంపిణీ మొదలుపెట్టారు. అంతకుముందు అది 10 వేలు. మంచి సాయమే. అయితే ఆ లెక్క ఇక్కడి పడవల్ని, వాటి మీద పనిచేసేవాళ్లని బట్టి నడుస్తుంది. ఏప్రిల్‌లో వెరావల్ బోటు మీద ఉన్నవాడు ఆ జాబితాలోకి ఎక్కడం కష్టం. గుజరాత్ లెక్కల్లో చూస్తే అతను బయటి రాష్ట్రం కూలీ.

చట్టం సంగతీ అంతే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు లేదా అంతకు మించి వలస కార్మికులున్న చోట్లకు వర్తించేది. దారి ఖర్చులు, ఇల్లు వదిలి వచ్చినందుకు ఇచ్చే భత్యం, ఉండటానికి వసతి అందులో ఉన్నాయి. అమలు అంతంత మాత్రం. 2025 నవంబరు 21న దాని స్థానంలోకి వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లో ఆ సంఖ్య పదికి పెరిగింది. ఒక్కో బోటులో ఉండేది ఏడెనిమిది మంది. బోటునే ఒక సంస్థగా లెక్కగడితే ఈ జట్లు చట్టం గీత బయటే ఉండిపోతాయి. యజమానికి ఉన్న బోట్లన్నీ కలిపి లెక్కించాలని రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా అడగాల్సిన సందర్భమిది.

ఓటు కూడా దక్కడం లేదు. రాష్ట్రంలో 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగు జరిగింది. రెండూ వేట నడిచే రోజులే. వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది గానీ అది వాడుకలోకి రాలేదు. పది నెలలు ఊళ్లో లేనివాడి గోడు నాయకుల చెవిన పడకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంతలో కొన్ని మంచి మార్పులూ వస్తున్నాయి. 2024 ఆగస్టులో కేంద్రం బోట్లకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని దేశమంతటా మొదలుపెట్టింది. సిగ్నల్ లేని చోట కూడా ఆపదలో కబురు పంపొచ్చు, హద్దు దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోతే 5 లక్షల రూపాయల బీమా ఉంది. ఈ రెండిటి గురించీ వెరావల్ వెళ్లే కళాసీకి తెలుగులో కూర్చోబెట్టి చెప్పాల్సిన అవసరం ఉంది. తన బోటులో ఆ పరికరం ఉందా, బీమా జాబితాలో తన పేరు ఏ రాష్ట్రం తరఫున చేరింది అని అతను తండేలును అడగగలగాలి.

చేయాల్సిన పనుల్లో ఎక్కువ ఖర్చు లేనివే ఎక్కువ. వెరావల్ హార్బరులో సీజన్ పొడవునా ఒక తెలుగు అధికారి ఉండే చిన్న ఆఫీసు పెట్టాలి. ఒడ్డున ఉండే రోజుల్లో పడుకోవడానికి షెడ్డు, స్నానానికి నీళ్లు, మరుగుదొడ్లు కావాలి. గుజరాత్ ప్రభుత్వంతో, బోటు యజమానుల సంఘాలతో మాట్లాడి, దగ్గరివాళ్లు చనిపోతే అడ్వాన్సుతో సంబంధం లేకుండా సెలవు ఇచ్చే ఒప్పందం కుదర్చాలి. అడ్వాన్సు నేరుగా కళాసీ బ్యాంకు ఖాతాలో పడితే, మామకూ మేనల్లుడికీ మధ్య అప్పు పత్రంలా నిలబడిన ఆ డబ్బు యజమానికీ పనివాడికీ మధ్య విషయంగా మారుతుంది. ఇంట్లో ఆడవాళ్లకు పాటలో చేప కొనడానికి తక్కువ వడ్డీకి పెట్టుబడి దొరికితే వాళ్ల వ్యాపారం నిలబడుతుంది. వీటన్నిటికంటే ముందు ఏ ఊరి నుంచి ఎవరు, ఏ బోటు మీద, ఎవరి దగ్గర పనికి వెళ్తున్నారో రాసిపెట్టిన రిజిస్టరు ఊరి సచివాలయంలో ఉండాలి. ఆ రిజిస్టరు రాయడానికి సరైన సమయం జూన్, జూలై నెలలు. అప్పుడు అందరూ ఊళ్లోనే ఉంటారు, అడ్వాన్సులు చేతులు మారేది కూడా అప్పుడే.